మంక్ తిట్టింది రాసేవాళ్ళని కాదు మహాప్రభో

పొద్దున్నుంచి అదే మెసేజ్ నాలుగోసారి. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత సినిమా గ్రూపులో, మధ్యాహ్నం మా బావ విడిగా "చూశావా, నీకిష్టమైన సబ్జెక్టే" అంటూ, ఇప్పుడేమో అపార్ట్‌మెంట్ గ్రూపులో, అక్కడ మామూలుగా నీళ్ళ ట్యాంకర్ గొడవ తప్ప ఇంకేం రాదు. 'అమెరికన్ ఫిక్షన్' సినిమా మీద ఐదు పాయింట్లు, ఒక్కో పాయింటుకీ ముందు ఒక నిప్పు ఎమోజీ. సినిమా చూడనివాళ్ళకి, మంక్ అనే నల్లజాతి రచయిత వెక్కిరింతగా దొంగపేరుతో ఒక చెత్త నవల రాస్తే జనం దాన్నే ఎగబడి కొంటారు, అదీ కథ. సరే, కానిద్దాం.

"నిజంగా జరిగిన కథ." కాదు. పెర్సివల్ ఎవరెట్ నవల, 2001లో వచ్చింది, పేరు 'ఎరేజర్', అంటే పెన్సిల్ రబ్బరు కాదు, తుడిచెయ్యడం.

"ఉత్తమ చిత్రం ఆస్కార్ కొట్టింది." 2024లో కొట్టింది అడాప్టెడ్ స్క్రీన్‌ప్లేకి, అంటే పుస్తకం నుంచి తీసుకుని రాసిన స్క్రీన్‌ప్లేకి, అది సినిమా తీసిన కార్డ్ జెఫర్సన్‌ది. ఉత్తమ చిత్రం 'ఓపెన్‌హైమర్'. గూగుల్‌కి డబ్బులు కట్టక్కర్లేదు బాబూ.

"ఈ సినిమా రాకపోతే ఎవరెట్ పేరు ఎవరికీ తెలిసేదే కాదు." సినిమా రాకముందే, 2022లో, ఆయన ఇంకో నవల బుకర్ ప్రైజ్ షార్ట్‌లిస్టులో ఉంది. నెక్స్ట్.

"నవలా సినిమా సేమ్ టు సేమ్, రెండు గంటలు చూస్తే చాలు, చదవక్కర్లేదు." ఇక్కడ కాస్త ఆగాలి. నవల వాషింగ్టన్‌లో, సినిమా బోస్టన్‌లో, అది పోనీ. మంక్ తోడబుట్టిన లీసా డాక్టరు, సినిమాలో అతనితో కబుర్లు చెప్తూ కూర్చున్నచోటే గుండెపోటుతో పోతుంది, నవలలో అబార్షన్లు చేసే క్లినిక్‌లో పనిచేస్తోందని కాల్చి చంపేస్తారు. సేమ్ టు సేమ్ అట! ఇంకోటి, నల్లజాతి రచయితంటే తుపాకులు, డ్రగ్స్, జైలు మాత్రమే రాయాలా అని మంక్ కసికొద్దీ రాసిపడేసే ఆ చెత్త నవల ఉంది కదా, సినిమాలో అది ఒక్క సీను, అతను టైప్ చేస్తుంటే పాత్రలిద్దరూ గదిలో అతని ముందే నిలబడి డైలాగులు చెప్తూ, మధ్యలో ఆగి ఇప్పుడేమనాలి అని అతన్నే అడుగుతారు. భలే నవ్వొస్తుంది. పుస్తకంలో మాత్రం ఆ చెత్త నవల మొత్తానికి మొత్తం ఉంటుంది, అరవై పైచిలుకు పేజీలు, అధ్యాయాల నంబర్లకి కూడా కావాలనే తప్పుడు స్పెల్లింగులు, మూడో అధ్యాయం 'త్రీ' కాదు, 'ఫ్రీ'. మొదట నవ్వుకుంటాం, ఇరవై పేజీలయ్యాక తర్వాతేమవుతుందా అని గబగబా తిప్పేస్తుంటాం, అప్పుడు వెలుగుతుంది బల్బు, కథలో ఈ చెత్తని ఎగబడి కొన్న జనంలో మనమూ ఉన్నామని.

ఇక ఐదోది. నాకు బీపీ తెప్పించింది ఇదే. "బాధల సాహిత్యం అంతా బిజినెస్సే అని ఒక నల్ల రచయితే ఒప్పుకున్నాడు, మన దళిత సాహిత్యమూ అంతే."

ఒప్పుకున్నాడా? ఎక్కడ, ఏ పేజీలో? బుక్‌షాప్‌లో మంక్ తన నవలలు వెతుక్కునే సీను చూసే ఫార్వర్డ్ చేశారా? పాత గ్రీకు నాటకాన్ని తిరగరాసిన మనిషి, అతని పుస్తకాలు సాహిత్యం అరలో ఉండవు, ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అని బోర్డున్న అరలో ఉంటాయి, ఎందుకయ్యా అంటే రాసినవాడి రంగు అది. ఇందులో నల్లగా ఉన్నది సిరా ఒక్కటే అంటాడు సినిమాలో, షాపు కుర్రాడికి అర్థం కాదు. చివర్లో బహుమతి కమిటీ ఉంది, ఐదుగురు జడ్జీలు, ఇద్దరు నల్లవాళ్ళు మంక్ దొంగపేరుతో రాసిన ఆ చెత్త నవల వద్దంటారు, ముగ్గురు తెల్లవాళ్ళు దీనికే ఇవ్వాలంటారు, అందులో ఒకావిడ ఎదురుగా కూర్చున్న ఆ ఇద్దరి మాటా తోసేసి ఇప్పుడు మనం నల్లవాళ్ళ గొంతు వినాలండీ అంటుంది! అక్కడ వాయగొడుతున్నది ఎవర్ని? బాధ రాసినవాళ్ళనా, ఆ ఒక్క రకం బాధే కొంటాం ఇంకోటి తెస్తే తలుపేస్తాం అనేవాళ్ళనా?

దళిత సాహిత్యం దాకా లాగారు కాబట్టి అడుగుతున్నా. 1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు మేఘంతో సందేశం పంపిస్తే ఈయన గబ్బిలంతో కాశీలో శివుడికి పంపించాడు, పద్యాల్లో, ఎందుకంటే గుళ్ళోకి ఆ కావ్యంలోని అంటరాని మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. మంక్ గ్రీకు నాటకం అందుకున్నట్టే ఈయన సందేశకావ్యం అందుకున్నాడు, అయినా మీకు అందులో కనపడింది బాధ, బిజినెస్. ఆ బుక్‌షాప్‌లో అర సర్దినవాడికి మీకు చుట్టరికం ఏమైనా ఉందా?

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలనుకుని మొదలుపెట్టలేదు గానీ. ఘెట్టో, అంటే నల్లవాళ్ళ పేదవాడ, మీద బెస్ట్‌సెల్లర్ రాసి మంక్‌కి ఒళ్ళు మండించే రచయిత్రి ఒకావిడ ఉంది కథలో, నవలలో ఆవిడకి మంక్ ఎదుట సమాధానం చెప్పుకునే అవకాశమే లేదు, ఉత్త వెక్కిరింత. సినిమాలో ఆ రచయిత్రే, పేరు సింటారా, అతని ఎదురుగా కూర్చుని నేను జనాన్ని కలిసి, రీసెర్చ్ చేసే రాశాను, మార్కెట్ అడిగింది ఇవ్వడంలో తప్పేంటని నిలదీస్తుంది, మంక్ దగ్గర గట్టి జవాబు ఉండదు. అక్కడ సినిమాయే మేలు. కానీ ఆ సీను వదిలేస్తే సినిమా అంతా డాక్టర్ల కుటుంబం, బీచ్ ఇల్లు, పేదవాళ్ళు కనపడేది ఆ చెత్త నవల పాత్రలుగానే. సినిమా ఒక్కటే చూసినవాడికి ఐదో పాయింటు లాంటిది బుర్రలో మొలిచిందంటే తప్పు మొత్తం వాడిదే అనలేను.

పుస్తకం కావాలంటే నా దగ్గర ఒక కాపీ ఉంది, అపార్ట్‌మెంట్ వాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకెళ్ళొచ్చు, ఆ అరవై పేజీలు ఎగరగొట్టకుండా చదువుతామంటేనే. బావకి మాత్రం ఇవ్వను, ఇదివరకు పట్టుకెళ్ళినవి రెండు ఇంకా వాళ్ళింట్లోనే ఉన్నాయి.