‘ఓ’ గ్రూపు అని రాసేసి వదిలేస్తే ఎలా?

బ్లడ్ గ్రూపు ఏమిటంటే ‘ఓ పాజిటివ్’ అని ఠక్కున చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారిలో ఏ కొద్దిమందిదో అసలు ఓ గ్రూపే కాదు, ఆ సంగతి వాళ్లకే తెలియదు, ఏ కాన్పుకో ఆపరేషన్‌కో రక్తం కావాల్సి వచ్చి ఆస్పత్రిలో ఉన్న ‘ఓ’ గ్రూపు ప్యాకెట్లలో ఒక్కటీ మ్యాచ్ కాకపోతే అప్పుడు బయటపడుతుంది. అది బాంబే గ్రూపు.

1952లో డాక్టర్ భెండే బృందం బొంబాయిలో గుర్తించింది కాబట్టి ఆ పేరు. ఎర్రకణం మీద హెచ్ అనే పదార్థం ఉంటుంది. దానికి ఒక రకం చక్కెర తోడైతే ఏ, మరో రకమైతే బి, రెండూ చేరితే ఏబీ, ఏదీ చేరకపోతే ఓ. బాంబే గ్రూపువాళ్లకు ఆ హెచ్చే ఉండదు. మామూలు స్లైడు పరీక్షలో మాత్రం అచ్చం ఓలాగే కనిపిస్తుంది. అందరికీ పనికొస్తుందని మనం చెప్పుకునే ఓ రక్తంలోనేమో హెచ్ అన్నిటికన్నా ఎక్కువ, వీళ్ల రక్తంలో దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి, ఎక్కించారో ప్రాణం మీదికొస్తుంది.

యూరప్‌లో పది లక్షల మందిలో ఒకరికి ఉంటే మన దేశంలో సుమారు పదివేలకు ఒకరు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ జన్యువు వస్తేనే ఇది వస్తుంది కనుక మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన ప్రాంతాల్లో ఇంకాస్త జాగ్రత్త అవసరం.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. ఏ, బిలను పట్టి చూపే పరీక్ష ద్రవాల చుక్కలతో సరిపెట్టకుండా సీరంను, అంటే రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని కూడా ‘ఓ’ గ్రూపు ఎర్రకణాలతో కలిపి చూడాలి, అవి ముద్దకడితే బాంబే గ్రూపేమోనని అనుమానించాలి. శిబిరాల్లో హడావుడిగా ఇచ్చే కార్డును ఎవరూ ఆఖరి మాటగా తీసుకోకూడదు. ఒకరికి బాంబే గ్రూపు అని తేలితే తోబుట్టువులందరికీ వెంటనే పరీక్ష చేయాలి, ఎందుకంటే ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, వాళ్లకు రక్తం ఇవ్వగలిగేది ఆ గ్రూపువాళ్లే.

ఇప్పుడు రోగి బంధువులు వాట్సాప్ గ్రూపుల్లో వేడుకుంటూ తిరుగుతున్నారు. ఆ టెన్షన్ వాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం. దాతల జాబితాను రెండు తెలుగు ప్రభుత్వాలూ తామే నిర్వహించాలని మేం అడుగుతున్నాం. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 42 రోజులకు మించి నిలవవు, అందుకే ఈ దాతలకు శిబిరాల్లో ఇచ్చేయొద్దని, ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చినప్పుడే రమ్మని ముందే చెప్పి ఉంచాలి.