ఫ్రీజర్ మంచు జోలికి రావద్దు

బెజవాడలో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి కనబడుతోంది. ఫ్రీజర్‌ని అప్పుడప్పుడూ డీఫ్రాస్ట్ చేసుకోవాలట, అంటే పేరుకున్న మంచును కరిగించేయాలట. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు అర సెంటీమీటరు మందం కాగానే నాబ్ మధ్యలో ఉండే బటన్ నొక్కాలట. మాన్యువల్‌లో ఇలాంటివి రాస్తారని తెలుసు. మనవాళ్లు వాటిని చదవడం మొదలుపెడతారని మాత్రం ఎవరూ ఊహించలేదు.

అసలు ఆ మంచు ఎక్కడిదో ఆలోచించారా? మే నెలలో బయట 45 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలంటారు. మధ్యలో ఉన్నది ఒక్క తలుపు. బీసెంట్ రోడ్డులో షాపింగ్ చేసి వచ్చిన మనిషి ఆ తలుపు తీసి, నీళ్ల సీసా వెతికే నెపంతో అక్కడే నిలబడతాడు. ఆ కాసేపట్లో కృష్ణ ఒడ్డు తేమగాలి లోపలికి దూరి, చల్లటి గోడకు అంటుకుని మంచవుతుంది. తలుపు రబ్బరు వదులైతే మనం నిలబడాల్సిన పని కూడా లేదు, గాలే వచ్చిపోతుంది. పొగలు కక్కుతున్న పప్పుచారు గిన్నెను తిన్నగా లోపలికి తోసేసేవాళ్ల సేవలూ మరువరానివి. ఇంటిల్లిపాదీ ఇంత కష్టపడి కూడబెట్టిన ఆస్తిని ఒక్క బటన్‌తో నీళ్లపాలు చేస్తారా?

మంచు పేరుకుంటే చల్లదనం సరిగా అందదనీ, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుందనీ, కరెంటు బిల్లు పెరుగుతుందనీ అవతలి పక్షం వాదన. నిజమే, కాదనను. అయితే ఆ బిల్లులో సంసారం సజావుగా సాగడానికి అయ్యే ఖర్చు కూడా కలిసి ఉందని వాళ్లు గ్రహించడం లేదు.

ఫ్రీజర్ మూలన, మంచులో సగం కూరుకుపోయిన నల్ల కవరు ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ‘‘అది కొత్త చింతపండే అమ్మాయ్’’ అంటారు అత్తగారు. ‘‘కాదత్తయ్యా, మటన్’’ అంటుంది కోడలు. మంచు ఉన్నన్నాళ్లూ ఇద్దరిదీ నిజమే. కరిగిందా, ఎవరో ఒకరు ఓడిపోతారు. దాని పక్కన వెన్న తీస్తానని దాచిన మీగడ డబ్బా. దాని కింద రంగు పోకూడదని పెట్టిన గుంటూరు కారం. ఏ ఏటిదో కారానికే తెలియాలి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీకి చేర్చిన మిర్చి టిక్కీలకు, అదే బస్తాలకు, రసీదు ఉంటుంది, ధర రాగానే బయటికొస్తాయి. మన ఇంటి కారానికి రసీదూ లేదు, విడుదలా లేదు.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ల వాళ్లతో నాకు మాటల్లేవు. వాటిలో హీటరు రోజూ గుట్టుగా మంచు కరిగించేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగదు.

ఇక డీఫ్రాస్ట్ చేసి తీరతామనే మొండివాళ్లకు కొన్ని నిబంధనలు తప్పవు. మొదటిది, ఇంటి యజమాని చేతికి చాకు, స్క్రూడ్రైవర్, అట్లకాడ అందకుండా చూడాలి. బటన్ నొక్కాక పావుగంట కూడా ఆగలేడు, చెక్కడం మొదలుపెడతాడు. గ్యాస్ తిరిగే సన్నటి దారులు ఆ అల్యూమినియం గోడలోనే ఉంటాయి. ఒక్క పోటు పడితే బుస్సుమంటుంది. తర్వాత వచ్చే మెకానిక్ గోడ వంక చూడడు, యజమాని వంక చూస్తాడు. ప్లగ్ తీసేసి, గిన్నెడు వేడినీళ్లు లోపల పెట్టి, తలుపు బార్లా తెరిచి కూర్చుంటే మంచు తనంతట తనే ఊడివస్తుంది. కానీ ఊరికే కూర్చోవడం మగవాళ్లకు పేపరు చదివేటప్పుడు తప్ప చేతకాదు.

రెండోది వరద నిర్వహణ. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షలకు రెండోది. మన ఇంట్లో ఫ్రీజర్ కిందుండే చిల్లర్ ట్రే నిండగానే మొదటిది ఇవ్వాలి. నీళ్లు కూరగాయల డబ్బాలోకి దిగి బెండకాయలు తేలినప్పుడు రెండోది. బ్యారేజీకి 70 గేట్లున్నాయి. మనకున్నది ఒక పాత తువ్వాలు, అది కూడా ఆ సమయానికి డాబా మీద ఆరుతూ ఉంటుంది.

మూడోది ముహూర్తం. కృష్ణా పుష్కరాలు 12 ఏళ్లకోసారి వస్తాయి. 2016లో అయ్యాయి, మళ్లీ 2028లో. ఫ్రీజర్‌కీ అదే పద్ధతి పెట్టుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

అభ్యంతరాలున్నవాళ్లు కాగితం మీద రాసి, కవర్లో చుట్టి, ఆ మీగడ డబ్బా వెనక పెట్టవచ్చు. పుష్కరాలకు తీసి చదువుతాం.