రోబో ఉంటే పిల్లలకు నిశ్చింతట!

“జపాన్‌లో వృద్ధుల బాధ్యతంతా రోబోలదే, ఇక పిల్లలు నిశ్చింతగా ఉండొచ్చు” అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. అందరూ దండం బొమ్మ పెట్టి ఇంకొకరికి పంపేస్తున్నారు. నేను పంపను. అందులోని ఒక్కో మాటకూ నా జవాబు ఇదీ.

“మనుషులతో పనే లేదు.” మరి అదే జపాన్ 2019లో కొత్త వీసా తెచ్చి మరీ విదేశాల నుంచి సంరక్షణ సిబ్బందిని ఎందుకు రప్పించుకుంటున్నట్టు?

“మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెడుతుంది.” మెసేజ్‌తో వచ్చిన ఫోటోలో ఎలుగుబంటి ముఖంతో ఉన్నది రోబేర్ అనే రోబో. జపాన్ పరిశోధన సంస్థ రైకెన్ 2015లో చూపించిన ప్రయోగాత్మక యంత్రం, బరువు 140 కిలోలు. ఇళ్లలోకి రానేలేదు.

“మందులు గుర్తుచేస్తుంది.” ఫోన్ అలారమూ చేస్తుంది. మాత్ర మింగారా, బుగ్గన పెట్టుకుని తర్వాత ఉమ్మేశారా అన్నది ఎవరు చూస్తారు?

అసలు ఒళ్లు మండేది దీనికి: “కబుర్లు చెబుతుంది కాబట్టి ఒంటరితనమే ఉండదు.” 2014లో హడావిడిగా వచ్చిన పెప్పర్ అనే మాటకారి రోబో తయారీ 2020లో చప్పుడు లేకుండా ఆగిపోయింది. సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉండే బొమ్మ రోబో పారో సంగతి వేరు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న కొందరు దాన్ని నిమురుతూ కుదుటపడతారు. కానీ దాన్ని తెచ్చి ఒళ్లో పెట్టేదీ, నచ్చనివాళ్ల దగ్గర్నుంచి తీసేసేదీ, తుడిచి ఛార్జింగ్ పెట్టేదీ సిబ్బందే.

అయినా పెద్దవాళ్లు మాట్లాడేది కాలక్షేపానికేనా? “ఆకలి లేదు” అన్నారంటే కట్టుడు పళ్లు గుచ్చుకుంటున్నాయేమో, మలబద్ధకమేమో, పైకి చెప్పుకోలేని దిగులేమో. నిన్న ఎలా ఉన్నారో తెలిసిన మనిషైతే ఇంకో మాట అడుగుతారు. రోబో “సరే, తర్వాత తినండి” అంటుంది, ఎంతో మర్యాదగా. మంచాన పడ్డవాళ్లకు నడుము కింద చర్మం ఎర్రబడితే అది పుండుకు మొదలు. దుప్పటి తీసి, పక్కకు తిప్పితేగానీ కనపడదు. ఈలోగా రోబోగారు ఇవాళ వాన పడుతుందో లేదో చెబుతుంటారు కాబోలు!

ఇంతకీ నిశ్చింత ఎవరికి? ఈ మెసేజ్ పంపినవాళ్లెవరూ “ఎనభై ఏళ్లు వచ్చాక నన్ను దానికి అప్పగించండి” అని కింద రాయలేదు.

“జీతం అడగదు, సెలవు పెట్టదు.” రిపేరుకు వెళ్తుంది. తర్వాతది.

“విసుక్కోదు.” ఇది మాత్రం ఒప్పుకుంటాను. రాత్రి మళ్లీ మళ్లీ బాత్రూంకు లేపి ఎదుటివాళ్ల మొహంలో విసుగు చూడటం కన్నా, కొడుకు చేత ఒళ్లు కడిగించుకోవడం కన్నా యంత్రమే నయమనుకునే పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల సిగ్గు వాళ్లది, కాదనడానికి నేనెవర్ని? ఆ పని సరిగ్గా చేసే యంత్రం వస్తే రానివ్వండి. మంచం దిగగానే మోగే సెన్సర్లు కూడా మంచివే. అది మోగినప్పుడు లేచి వెళ్లడానికి పక్క గదిలో ఎవరు పడుకోవాలో ఆ మెసేజ్‌లో రాయలేదు.