ఫ్రిజ్ ఆపిన పాపం

నాన్న పోయిన రెండో ఏడు నాకు షార్ట్ ఫిల్మ్ తీయాలనిపించింది. ఇల్లు, దుఃఖం, అస్తిత్వం అన్నీ కలిపి 12 నిమిషాలు. అస్తిత్వానికి మా ఇంట్లో కరువు లేదు. ఫ్రిజ్‌లూ వాచీలూ బస్సు బాడీలూ అన్నీ చేసిన ఆల్విన్ కంపెనీలో ఉద్యోగానికి నాన్న రాజమండ్రి నుంచి సనత్‌నగర్ వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడివాళ్లు ఇప్పటికీ "మీది ఏ ఊరండీ?" అంటారు. రాజమండ్రిలో బస్సు దిగితే "హైదరాబాదు వాళ్లు వచ్చారు" అని మాకు విడిగా కారం తగ్గించి వడ్డిస్తారు.

పొద్దున పదింటికి అమ్మను కూర్చోబెట్టి, కొంగుకు చిన్న మైకు తగిలించాం. సౌండు చూసే మిత్రుడు చెవులు రిక్కించి, "ఫ్రిజ్ మూలుగుతోంది, ఆపాలి" అన్నాడు. 1986లో నాన్న తెచ్చిన ఆల్విన్ ఫ్రిజ్ అది. మూలిగే వయసే. ఆపాను. సౌండు వాళ్లకు ఒక పాత చిట్కా ఉంది: ఫ్రిజ్ ఆపగానే బండి తాళాలు అందులో పెట్టేస్తారు. తాళాల కోసం తలుపు తీయక తప్పదు కాబట్టి, మళ్లీ స్విచ్చు వేయడం గుర్తుంటుంది. మా వాడు ఆ రోజు ఎర్రగడ్డలో మెట్రో దిగి నడిచొచ్చాడు.

"నాన్న గురించి చెప్పమ్మా" అన్నాను. అమ్మ గొంతు సవరించుకుని, వార్తలు చదివినట్టు, "మీ నాన్నగారు చాలా మంచివారు. సమయపాలనకు ప్రాధాన్యం ఇచ్చేవారు" అంది. 47 ఏళ్ల కాపురం అంతటితో అయిపోయింది. తర్వాత మిత్రుడి వైపు తిరిగి "బాబూ, అన్నం తిన్నావా?" అని అడిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, హాస్టల్లో ఉండే ఆ పిల్లాడికి. ఈలోగా వీధిలో ఆటో మైకు "పాత ఇనుప సామాన్లు కొంటాం" అంటూ వెళ్లింది. ఆ పూట మేం రికార్డు చేసినవాటిలో కాస్త ఆర్తితో పలికిన గొంతు అదొక్కటే.

ఇక మిగిలింది నాన్న ఖాళీ పడక్కుర్చీ. ఫోను స్టాండుకు బిగించి, సినిమా లెక్క ప్రకారం సెకనుకు 24 ఫ్రేములు పెట్టి తిరిగి చూస్తే, భోజనం చేసిన బాబాయి అందులో గుర్రు పెడుతున్నారు. ఫ్యాను సరిగ్గా ఆ కుర్చీ మీదే ఉంది మరి. లేస్తారేమోనని ఫోను నడుస్తుండగానే వదిలేసి, మేం ఛాయ్‌కీ ఉస్మానియా బిస్కెట్లకూ వెళ్లాం.

తిరిగొచ్చేసరికి దోసెల పిండి ఫ్రిజ్‌లోంచి పొంగి గచ్చు మీదికి దిగింది. మే నెల పిండి! అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మిత్రుడికి మాత్రం వరుసగా ఏడు పుల్లట్లు పడ్డాయి.

రాత్రి రికార్డింగు విన్నాం. మైకు అమ్మ కొంగునే ఉండిపోయింది. గిన్నెల చప్పుడు మధ్య అమ్మ గొంతు.

"ఏమండీ, ఫ్రిజ్ ఆగిపోయింది. నేనేమీ చేయలేదు. పొద్దున బాగానే ఉంది." కాసేపు నిశ్శబ్దం. "మీరుంటే ఈపాటికి వెనక రేకు విప్పుకుని కూర్చునేవారు. అన్నానికి పిలిచినా లేచేవారు కాదు." చీదిన చప్పుడు. తర్వాత టక్కుమని ఒక శబ్దం, పాత మూలుగు. "స్విచ్చు ఆపాడా వెధవ!"

దానికి జతగా మా దగ్గరున్న బొమ్మ ఒక్కటే: నాన్న కుర్చీలో నిద్రపోతున్న బాబాయి. అమ్మ "ఏమండీ" అన్న చోట, నిద్రలోనే ఆయన "ఊఁ" అన్నారు.

ఆ ముక్క తీసేయమని మిత్రుడన్నాడు. నేను ఒప్పుకోలేదు. బాబాయి ఇప్పుడు రాజమండ్రికి ఫోన్లు చేసి, సినిమాలో అన్నయ్య వేషం తనదేనని చెబుతున్నారు.