గ్యాస్ రికవరీ మెషిన్ గారికి, ఏ సైట్‌లో ఉన్నా సరే

మహారాజశ్రీ గ్యాస్ రికవరీ మెషిన్ గారికి,

ఉభయకుశలోపరి. అంటే మీరు ఎక్కడో కుశలమేనని నమ్ముతున్నా, ఇక్కడైతే ఏమీ లేదు.

పాత ఏసీ పీకే ముందు అందులోని గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగి పట్టడానికి పొద్దున పదింటికి మీరొస్తారన్నారు కదా, లీవు పెట్టి మరీ కూర్చున్నా. రెండున్నరకి మెకానిక్ వచ్చాడు, చేతిలో వాల్వ్ తిప్పే అలెన్ కీ, పైప్ కట్టర్, అంతే. మెషిన్ ఏది బాబూ అంటే "వేరే సైట్‌లో ఉంది సార్". ఎప్పుడడిగినా మీరు వేరే సైట్‌లోనే. ఆ సైట్ వాళ్లని అడిగితే మీరు మా ఇంట్లో ఉన్నారని చెప్తారు, నాకు తెలుసు.

"దీనికి మెషిన్ ఎందుకు సార్, వాల్వ్ లూజ్ చేస్తే రెండు నిమిషాల్లో గాల్లో కలిసిపోద్ది" అన్నాడు. కలిసిపోద్దట, అగరుబత్తి పొగలాగా! అందులో ఉన్నది ఆర్-22 అనే ఏసీ గ్యాస్ అండీ, కిలో వదిలితే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే, ఓజోన్‌కి చేసే చేటు అదనం. ఆ ఓజోన్ కోసమే 1987లో మాంట్రియల్‌లో దేశదేశాల పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు, ఇక్కడేమో ఒక అలెన్ కీ చాలు.

పోనీ పంప్‌డౌన్ (కంప్రెషర్ నడిపి గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగేయడం) చేద్దామంటే కంప్రెషర్ చచ్చి నెలైంది (అది చచ్చిందనే కదా ఏసీ పీకిస్తున్నది). తిరిగినా ఏం లాభం, గ్యాసంతా ఔట్‌డోర్ యూనిట్‌లో కూర్చుని స్క్రాప్ వాడి సుత్తి దెబ్బ కోసం ఎదురుచూస్తుంది, అంతేగా. మీ చుట్టాలు సిలిండర్ గారు, కాటా గారు కూడా రాలేదు. సిలిండర్‌ని ఎనభై శాతం దాటి నింపకూడదు, ఆర్-22లో 410ఏ అనే వేరే గ్యాస్ కలిపి కలగాపులగం చేయకూడదు అని నేను యూట్యూబ్ చూసి నేర్చుకున్నా, మెకానిక్‌కి మాత్రం ఆ అవసరం పడలేదు.

మీ ఆఫీసుకి ఫోన్ చేసి హోల్డ్‌లో పాట వింటున్నా, వెనక నుంచి "స్స్‌స్స్‌స్స్" అని మొదలైంది. పరిగెత్తేసరికి అయిపోవచ్చింది. గది తలుపు వేసి ఉంది, కిటికీ వేసి ఉంది, ఆ గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుని ఊపిరాడనివ్వదు, చేతి మీద ద్రవం పడితే చర్మం గడ్డకట్టి చచ్చుపడుతుంది, ఈ మనిషికి గ్లవ్స్ కూడా లేవు. కిటికీలు తెరిచి అతన్ని తోసుకుంటూ నేనూ బయటపడ్డా.

సరే, ఇక్కడిదాకా కూడా మర్యాదగానే రాశా.

సాయంత్రం సర్వీస్ రిపోర్ట్ పంపారు. "గ్యాస్ రికవరీ చేయబడినది", పక్కన రైట్ మార్కు. ఎన్ని కిలోలు అన్న గడి ఖాళీ. ఎక్కడికి చేశార్రా రికవరీ, నా ఊపిరితిత్తుల్లోకా? రాని మెషిన్‌కి హాజరు వేశారు, నేను లీవు పెట్టిన రోజుకి నాకు జీతం కట్!

పై గదిలో ఇంకో పాత ఏసీ ఉంది. దాని వాల్వ్ క్యాప్‌ల చుట్టూ టేపు చుట్టేశా. ఈసారి ముందు మీరు గేటు లోపలికి రావాలి, తర్వాతే మెకానిక్.

ఇట్లు,
ఇంకా హోల్డ్‌లోనే ఉన్న మీ కస్టమర్