పదకొండు వేల డాలర్ల మాట

2023 జనవరిలో ఒక రాత్రి సియాటిల్‌లో ఒక పోలీసు అధికారి తన ఛాతీ మీది కెమెరా ఇంకా నడుస్తూ ఉండగానే ఫోన్ మాట్లాడాడు. అవతల ఉన్నది పోలీసు యూనియన్ అధ్యక్షుడు. ఇవతల మాట్లాడుతున్న డేనియల్ ఆడరర్ అదే యూనియన్‌కు ఉపాధ్యక్షుడు. అంతకు కొద్ది గంటల ముందు సహోద్యోగి కెవిన్ డేవ్ నడుపుతున్న పోలీసు కారు ఢీకొని ఒక అమ్మాయి చనిపోయింది. డేవ్ మత్తులో ఉన్నాడో లేడో పరీక్షించడానికి వచ్చినవాడే ఈ ఆడరర్. ఆమె చనిపోయిందని చెబుతూ నవ్వాడు. మామూలు మనిషేనని, పదకొండు వేల డాలర్లకు చెక్కు రాసేస్తే సరిపోతుందని, ఎలాగూ ఇరవై ఆరేళ్లేనని, ఆమె విలువ అంతంత మాత్రమేనని అన్నాడు. వయసు కూడా తప్పే. కర్నూలు జిల్లా నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఆ విద్యార్థిని కందుల జాహ్నవికి ఇరవై మూడేళ్లు.

ఆ వీడియో సెప్టెంబరులో బయటికి వచ్చాక మన రాజకీయ నాయకుల నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని భారత కాన్సులేట్ దాకా అందరూ ఖండించారు. ఆ నవ్వు అంత నీచంగానే ఉంది. కానీ ఆడరర్ తర్వాత ఇచ్చుకున్న సంజాయిషీని ఎక్కువ మంది పట్టించుకోలేదు. తాను ఆ అమ్మాయిని ఎగతాళి చేయలేదని, ఇలాంటి కేసుల్లో ప్రాణానికి ధర తగ్గించడానికి బేరాలాడే నగరపాలక న్యాయవాదులను అనుకరించానని అతను వాదించాడు. నమ్మాలో వద్దో మీ ఇష్టం. నాకైతే నవ్వు కన్నా ఈ సంజాయిషీయే ఎక్కువ భయం కలిగించింది, ఎందుకంటే అందులో చెప్పిన పద్ధతి నిజం.

అమెరికా పెద్ద నగరాల్లో పోలీసుల జవాబుదారీతనం చివరికి చెక్కు దగ్గరకే చేరుతుంది. తన ఇంట్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయిన బ్రియానా టేలర్ మరణానికి లూయీవిల్ నగరం 2020లో కోటీ ఇరవై లక్షల డాలర్లు ఇచ్చింది. పోలీసు మోకాలి కింద ప్రాణం పోయిన జార్జ్ ఫ్లాయిడ్ కుటుంబానికి మినియాపొలిస్ 2021లో రెండు కోట్ల డెబ్బై లక్షలు ఇచ్చింది. ఈ డబ్బు తప్పు చేసిన అధికారి జేబులోంచి రాదు, సాధారణంగా పోలీసు శాఖ పద్దులోంచీ పోదు. నగర ఖజానాయో, బీమాయో భరిస్తుంది. అంటే అక్కడ పన్ను కట్టే జనమే భరిస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే. నొప్పి తగలవలసిన చోట తగలకపోతే చెక్కులో ఎన్ని సున్నాలున్నా పోలీసు కారు వేగం తగ్గదు.

ఆ రాత్రి కారు వేగం మాటకొస్తే, గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో డేవ్ 74 మైళ్ల దాకా వెళ్లాడు. మన లెక్కలో నలభై కిలోమీటర్ల చోట దాదాపు నూట ఇరవై. ఢీకొన్నప్పుడు 63 మైళ్లు. సైరన్ నిరంతరంగా మోగలేదు, కూడళ్ల దగ్గర కాస్త కూత పెట్టించాడంతే. ఆమె 138 అడుగుల దూరాన పడింది. ఫోన్‌లో ఆడరర్ మాత్రం నలభై అడుగులు కూడా ఎగిరి ఉండదన్నాడు.

సియాటిల్‌లో నిఘా లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. 2010లో చెక్కముక్క, చిన్న కత్తి పట్టుకుని వీధి దాటుతున్న ఒక మూలవాసి కొయ్యశిల్పిని పోలీసు అధికారి కొన్ని సెకన్లలోనే కాల్చి చంపాడు. ఒక చెవి వినపడని మనిషి. దుర్బుద్ధితో చంపాడని రుజువు చేస్తే తప్ప కేసు పెట్టడానికి వీల్లేని రాష్ట్ర చట్టం వల్ల అధికారి మీద అభియోగమే రాలేదు. నగరం పదిహేను లక్షల డాలర్ల చెక్కు రాసింది. ఆ చట్టాన్ని 2018లో ఓటర్లే మార్చారు. అంతకు ముందే, 2012లో, కేంద్ర న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం సియాటిల్ పోలీసు శాఖ ఫెడరల్ న్యాయమూర్తి పర్యవేక్షణలోకి వెళ్లింది. ఫిర్యాదుల విచారణకు అప్పటికే ఉన్న కార్యాలయం మీద ఇన్‌స్పెక్టర్ జనరల్, దానికి తోడు పౌర కమిషన్ వచ్చాయి. 2023 సెప్టెంబరు తొలి వారంలో న్యాయమూర్తి సంస్కరణలు చాలావరకు పూర్తయ్యాయని తేల్చి పర్యవేక్షణను సడలించారు. ఆడరర్ వీడియో జనం ముందుకు వచ్చింది ఆ తర్వాత వారం తిరగకుండానే. 2025 సెప్టెంబరులో ఆ పర్యవేక్షణ పూర్తిగా ముగిసింది.

న్యాయమూర్తి చివరిదాకా పట్టుపట్టిన అంశాల్లో పోలీసు యూనియన్‌తో నగరం చేసుకునే ఒప్పందం ఒకటి. శిక్షల సంగతి నిజానికి తేలేది అక్కడే. 2014లో ఇదే నగరంలో బేడీలు వేసి కారులో కూర్చోబెట్టిన మహిళ ముఖం మీద ఒక అధికారి గుద్దాడు. 2016లో ఉద్యోగం ఊడింది. యూనియన్ అప్పీలు చేస్తే 2018లో మధ్యవర్తి అతన్ని తిరిగి తీసుకోమన్నారు. నగరం కోర్టులో పోరాడింది, ఆ ఆదేశం రద్దు 2021లో గానీ అప్పీలు కోర్టులో ఖరారు కాలేదు. ఒక్క దెబ్బకు ఏడేళ్ల వ్యాజ్యం!

పోలీసుల వైపు వాదనలో పస లేదని కాదు. 2020లో అమెరికాలో హత్యలు దాదాపు ముప్పై శాతం పెరిగాయి. అదే కాలం నుంచి సియాటిల్‌ను వందల మంది అధికారులు వదిలిపోయారు. ఫోన్ చేస్తే పోలీసు రావడం ఆలస్యమైతే దెబ్బ తినేది పేద వాడలే. అందుకే 2024 మేలో నగర మండలి 8-1 ఓట్లతో కొత్త ఒప్పందాన్ని ఆమోదించి, కొత్తగా చేరేవారి జీతాన్ని లక్షా మూడు వేల డాలర్లకు పెంచింది. అంత డబ్బు ఇస్తున్నప్పుడు క్రమశిక్షణ నిబంధనలను కూడా గట్టిగా అడగవచ్చు కదా? మండలి డబ్బు ముందు ఇచ్చేసింది, అడగవలసినవి చాలావరకు తర్వాతి బేరానికి మిగిల్చింది.

ఇంకో చిక్కు ఉంది. ఆ రాత్రి డేవ్ పరుగెత్తింది దొంగ వెంట కాదు, మత్తు మోతాదు మించిందన్న ఫోన్‌కు. అది వైద్యుల పని. ఆయుధాలు లేని సహాయ బృందాన్ని నగరం 2023 అక్టోబరులో మొదలుపెట్టింది గానీ, ఆ బృందంలో ఎంతమంది ఉండవచ్చో కూడా పోలీసు యూనియన్‌తో ఒప్పందమే పరిమితం చేసింది.

తెలుగు పాఠకులుగా మనల్ని మనం ఒక మాట అడుగుకోవాలి. సియాటిల్ పోలీసును శిక్షించమన్న మనమే 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను కాల్చిన పోలీసుల మీద పూలు చల్లాం. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చాక ఆ పూల గురించి ఎవరూ మాట్లాడలేదు.

డేవ్ మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారాలు చాలవని సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ 2024 ఫిబ్రవరిలో చెప్పారు. చివరికి అతనికి పడింది అయిదు వేల డాలర్ల ట్రాఫిక్ జరిమానా. ఆడరర్‌ను 2024 జూలైలో, డేవ్‌ను 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆడరర్ తిరిగి నగరాన్నే రెండు కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మని అడిగాడు.

ఆ వీడియో బయటికి వచ్చిందంటే పోలీసు శాఖలోనే పనిచేసే ఒక ఉద్యోగి రోజువారీ పనిలో దాన్ని విని, తట్టుకోలేక పైకి చెప్పడం వల్లే. కెమెరాలో రికార్డయింది ఒక గొంతే. చెక్కు మాటకు అవతలి నుంచి యూనియన్ అధ్యక్షుడు ఏమన్నాడో అందులో లేదు.