ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి

కారులో పాత స్టీరియో చచ్చిపోయింది. కొత్తది ఆన్‌లైన్‌లో తెప్పించాను, దాంతో పాటు పాట గట్టిగా వినిపించేలా చేసే యాంప్ (యాంప్లిఫయర్) కూడా, సీటు కింద పట్టే చిన్నది. బిగించడానికి మనిషిని పంపుతామన్నారు, ఆ మనిషికి మళ్లీ వేరే డబ్బులట. పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటుకి, నలుపు గ్రౌండ్‌కి, అంటే కారు ఇనప బాడీకి. రంగులు చూసి కలపడానికి మనిషెందుకు? కలిపాను. పాట వచ్చింది. అక్కడితో ఆపేస్తే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇంజన్ స్టార్ట్ చేశాక పాట వెనకాల సన్నగా ఒక కూత మొదలైంది, చెవి దగ్గర దోమ తిరుగుతున్నట్టు. యాక్సిలరేటర్ తొక్కితే పైస్థాయికి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. వాల్యూమ్ సున్నాకి తెచ్చినా పాట ఆగుతుంది గానీ అది ఆగదు.

దీన్ని ఆల్టర్నేటర్ కూత అంటారు. ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ తిరుగుతుంటే కారుకి కరెంటు పుట్టించే యంత్రం. అది పుట్టించేది అలలా ఊగే ఏసీ కరెంటు. దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి, కానీ పూర్తిగా చదును చెయ్యలేవు, కొంచెం అల మిగిలిపోతుంది. స్టీరియో గ్రౌండ్‌కీ యాంప్ గ్రౌండ్‌కీ పొత్తు కుదరకపోతే ఆ అల పాట వెళ్లే కేబుల్లో దూరి కూర్చుంటుంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అల వేగం కూడా పెరుగుతుంది కాబట్టి కూత కూడా దాంతో పాటే పైకి లేస్తుంది. సరే, తెలిసింది. తెలిస్తే పోయే కూత కాదుగా. యాంప్ గ్రౌండ్ బోల్టు కింద పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాను. స్టీరియో నుంచి యాంప్‌కి పాట మోసే ఆర్‌సీఏ కేబుల్‌ని పవర్ వైరుకి దూరంగా, కారు అవతలి పక్క నుంచి లాగాను. మార్పు లేదు.

సరిగ్గా అప్పుడు మా బావమరిది వచ్చాడు. స్పానర్ ముట్టడు, సలహా ఆపడు.

"ఇంజన్ ఆపితే కూత ఉందా బావా?"

"లేదు."

"మరి తప్పు ఇంజన్‌దే కదా! దాన్నే తీసేస్తే పోలా?"

పెట్రోలు ఇంజన్ పీకేసి ఎలక్ట్రిక్ మోటారు పెట్టించెయ్యాలని వాడి ఉద్దేశం. ఆల్టర్నేటరే లేకపోతే కూత ఎక్కడ్నుంచి వస్తుందని లాజిక్కు. మోటారు కూర్చోవడానికి కొత్త మౌంట్లు చేయించాలిరా, గేర్‌బాక్సుకి కలిపే ప్లేటు కావాలిరా, బ్యాటరీల బరువు సస్పెన్షన్ మొయ్యాలిరా, ఇంజన్ పోతే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చేవాడు ఉండడు కాబట్టి దానికో పంపు పెట్టాలిరా అని చెప్పి చూశాను. పైగా మోటారుని నడిపే ఇన్వర్టరు పుట్టించే గోల తక్కువేం కాదు, ఆ బాధ పడలేకే కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం రేడియోనే ఎత్తేశారు. వాడు వింటేనా! ఎక్కడ్నుంచో టేపు తెచ్చి, బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్ చుట్టూ కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఫ్యాను తిరుగుతోంది, చెయ్యి జాగ్రత్త అన్నాను. అంతకంటే బావ చెయ్యగలిగిందేముంది?

ఇక నా సంగతి. కారు న్యూట్రల్‌లో ఉంది, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. నేను వెల్లకిలా పడుకుని తల పెడళ్ల దగ్గర పెట్టాను, కాళ్లు సీటు ఆనుకునే చోట పైకి పెట్టాను. స్టీరియో దాని గూట్లోంచి బయటికొచ్చి వైర్లతో నా ముఖం మీద వేలాడుతోంది. ఒక చేత్తో మల్టీమీటర్, రెండో మోచేత్తో యాక్సిలరేటర్. కూత స్పష్టంగా వినపడాలని యాంప్ మోత పెంచే గెయిన్ మీట చివరికంటా తిప్పాను. గాలి కోసం నాలుగు తలుపులూ తెరిచాను.

అప్పుడు ఫోన్ మోగింది. కాల్ వస్తే ఎవరినీ అడక్కుండా దానంతటదే ఎత్తే సదుపాయం ఈ స్టీరియోలో ఉంది. దాన్ని ఆన్‌లో పెట్టి మరీ పంపిన మహానుభావులెవరో!

"నమస్కారం! మీరు కొన్న వస్తువు పట్ల మీ సంతృప్తిని ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి!"

వీధి వీధంతా దద్దరిల్లింది. మాట్లాడేది మనిషి కాదు, రికార్డు చేసిన అమ్మాయి గొంతు. ఈ గొంతులకి ఇంత సంతోషం ఎక్కడ్నుంచి వస్తుందో నాకెప్పుడూ అర్థం కాదు. వస్తువు పని చెయ్యకపోతే ఫోన్ చేద్దామంటే నంబరు దొరకదు, దొరికితే మనిషి దొరకడు. అదే పొగడ్త కావాల్సి వచ్చినప్పుడు మాత్రం మనం ఏ భంగిమలో ఉన్నా వెతుక్కుంటూ వస్తారు.

"ఒకటి!" అని అరిచాను. అరిచినప్పుడల్లా మోచెయ్యి పెడల్ మీద పడుతోంది, ఇంజన్ గర్జిస్తోంది, కూత ఆకాశానికి లేస్తోంది.

"క్షమించండి, మీ సమాధానం వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పండి."

"ఒకటీ!"

పక్కింటాయన గేటు దగ్గరికొచ్చి, పైకి లేచి ఉన్న నా పాదాలతో అన్నాడు: "ఏమైందండీ? ఎవరైనా రావాలా?"

"బావా!" అని బానెట్ కింద నుంచి కేక. "అడ్డంగా ఇంకా ఐదు అంగుళాలు ఖాళీ ఉంది!"

"ధన్యవాదాలు! మీరు ఐదు అని చెప్పారు. మార్చుకోవాలంటే ఇప్పుడే స్టార్ గుర్తు నొక్కండి."

ఫోన్ నా ప్యాంటు వెనక జేబులో ఉంది. ఆ జేబు మీద నేనున్నాను. నా మీద స్టీరియో ఉంది. నడుము ఒక పక్కకి ఎత్తి చెయ్యి దూర్చబోతే చొక్కా గుండీ స్టీరింగ్ కింద ఏదో క్లిప్పుకి తగులుకుంది. గుండీ సంగతి చూద్దామంటే మల్టీమీటర్ తీగ మెడకి చుట్టుకుంది. ఇవన్నీ ఎవడో పథకం వేసి అమర్చినట్టే ఉన్నాయి.

"మా ఉత్పత్తిని మీ బంధుమిత్రులకు సిఫారసు చేస్తారా? అవును లేదా కాదు అని చెప్పండి."

"మీ బావగారు కారు కింద ఇరుక్కుపోయారా?" పక్కింటాయన మా వాణ్ణి అడిగాడు.

"అవునండీ!" అన్నాడు వాడు, ఎంతో స్పష్టంగా.

"ధన్యవాదాలు! మీ రోజు శుభప్రదంగా గడవాలి."

బయటికి ఎలా వచ్చానన్నది, గుండీలు ఎన్ని మిగిలాయన్నది ఇక్కడ అనవసరం. చివరికి ఒక చిన్న వైరు ముక్క తీసుకుని, ఒక కొస ఆర్‌సీఏ పిన్ను బయటి రింగుకి, రెండో కొస స్టీరియో వెనక ఇనప రేకుకి ఆనించి చూశాను. కూత టక్కున ఆగిపోయింది. స్టీరియో లోపల ఆర్‌సీఏ గ్రౌండ్ తెగిపోయి ఉందన్నమాట. గ్యారంటీలో మార్చమని ఫిర్యాదు చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక మనిషి దొరికాడు, నిజంగా మనిషే. పాపం మర్యాదస్తుడు కూడా.

"సార్, మా రికార్డులో మీరు ఐదుకి ఐదు ఇచ్చారు. బంధువులకి సిఫారసు చేస్తానని కూడా చెప్పారు. ఇప్పుడేమో బాలేదంటున్నారు. ఏది రాసుకోమంటారు సార్?"